చెప్పకుండా మార్చే సెట్టింగు

సంపాదకులకు నమస్కారం.

టెలిఫోన్ రాగి తీగ మీద వచ్చే డీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మాటిమాటికీ తెగిపోతోందని ఫిర్యాదు చేస్తే, సర్వీసు సంస్థలు కొన్నిసార్లు లైను చూడటానికి మనిషిని పంపకుండానే తమ వైపు ఒక సెట్టింగు మార్చి ఊరుకుంటాయి. మా ఇంట్లో జరిగింది అదే. లైను తెగడం ఆగింది గానీ, అంతకుముందు 20 మిల్లీసెకన్ల లోపు ఉండే పింగ్, అంటే ఒక సందేశం వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, 40 దాటింది. ఆ సంగతి ఆన్‌లైన్ ఆటలాడే మా అబ్బాయి కనిపెట్టాడే తప్ప, సంస్థ నుంచి ఒక్క మాట రాలేదు.

ఆ సెట్టింగు పేరు ఇంటర్‌లీవింగ్. డీఎస్ఎల్ లైనులో పంపే డేటాకు రీడ్-సాలమన్ అనే తప్పులు దిద్దే పద్ధతిలో కొన్ని అదనపు బైట్లు చేరుస్తారు. అవి 16 ఉంటే, ఒక కోడ్‌వర్డులో, అంటే ఆ అదనపు బైట్లతో కలిపిన ఒక డేటా కట్టలో, 8 బైట్లు చెడినా మళ్లీ పంపమని అడగకుండానే అందుకునే మోడెం సరిదిద్దుకుంటుంది. అయితే ఏ మోటారో ఆన్ అయినప్పుడు పుట్టే విద్యుత్ అలజడి వరసగా ఉన్న బైట్లను గుంపుగా పాడుచేస్తుంది. అందుకని బైట్లను ముందే దూరదూరంగా చెదరగొట్టి పంపుతారు. అప్పుడు ఆ దెబ్బను చాలా కోడ్‌వర్డులు తలా కొంచెం పంచుకుంటాయి. కాకపోతే వాటిని తిరిగి పేర్చాలంటే అన్నీ వచ్చేదాకా ఆగాలి, లైనులో అలజడి ఉన్నా లేకపోయినా ఆగాలి. డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్‌లో ఈ ఆలస్యం 8 లేదా 16 మిల్లీసెకన్లుగా పెట్టడం మామూలే.

నేను ఇంటర్‌లీవింగ్‌కు వ్యతిరేకిని కాను. అలజడి ఎక్కువున్న లైను మీద సినిమాలు చూసేవారికి అది నిజంగా మేలు చేస్తుంది. కానీ వేరే దారులూ ఉన్నాయి. నాయిస్ మార్జిన్‌ను, అంటే అలజడిని తట్టుకోవడానికి సిగ్నల్‌కు ఉంచే వెసులుబాటును, 6 డెసిబెల్స్ నుంచి 9కి పెంచితే వేగం కొంత తగ్గినా, ఇలా పేర్చుకునే ఆలస్యం ఉండదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2010లో ఆమోదించిన జీ.ఐఎన్‌పీ విధానంలో చెడిన భాగాన్ని మాత్రమే మళ్లీ పంపుతారు కనుక, లైను శుభ్రంగా ఉన్నంతసేపు అదనపు ఆలస్యం చాలా తక్కువ. రెండు వైపుల పరికరాలూ దానికి అనువైనవై ఉంటే చాలు.

మా ఇంటి సాకెట్లో తుప్పు పట్టిన జాయింటును మార్పించాను. మోడెం పేజీలో సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే సరిదిద్దలేకపోయినవి, దాదాపు ఆగిపోయాయి. ఇక ఇంటర్‌లీవింగ్ తీసేయమని మూడుసార్లు అడిగితే, అది ఖాతాదారు ఎంచుకునే వీలున్న సెట్టింగు కాదన్నారు. సెట్టింగు మార్చే ముందు ఒక సందేశం పంపడం, లైను బాగుపడ్డాక ఖాతాదారు అడిగితే పాత స్థితికి తేవడం, ఈ రెంటినీ నియంత్రణ సంస్థలు తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు