బొగ్గు కాని బొగ్గు నేల గురించి: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

ఐర్లండ్ పర్యావరణ శాఖ మంత్రి గారికి,

ఆఫలీ కౌంటీలో పీట్ తవ్వకంలోనే పనిచేసి రిటైరయ్యాను. తెలియని వారి కోసం: పీట్ అంటే వేల ఏళ్లుగా నీటి నేలలో సగమే కుళ్లి పేరుకున్న నాచు. ఎండబెడితే పొయ్యిలో మండుతుంది. 1946లో పెట్టిన ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా దాన్ని యంత్రాలతో తీసి, చిన్న రైళ్ల మీద కరెంటు కేంద్రాలకు పంపేది. వాన పడితే పని ఆగేది. మా దేశంలో పడని వారమేది లెండి!

2020 డిసెంబరులో షానన్‌బ్రిడ్జ్ కేంద్రం మూతపడింది. మరుసటి నెలలో సంస్థ తవ్వకానికే స్వస్తి చెప్పింది. తప్పని నేననను. ఆ నేల ఎండితే కార్బన్ గాలిలో కలుస్తుంది, తడిగా ఉంటే లోపలే నిలుస్తుంది. ఇప్పుడు, నేల ఎండడానికి అప్పట్లో తవ్విన కాలవలు పూడ్చి నీళ్లు నిలుపుతున్నారు. కానీ ఏ కాలవ ఎటు పారేదో, ఎక్కడ నేల కుంగుతుందో మాకు తెలుసు. మమ్మల్ని అడగరేం?

మా కౌంటీలోనే, పీట్ తవ్వేసిన లాఖ్ బోరా నేలలో కౌజు పిట్టల్ని కాపాడుతున్నారు, సంతోషం. మా కుర్రాళ్లకు ఊళ్లోనే జీతమొచ్చే పనులు ఎన్ని ఉంటాయో కూడా చెప్పండి. కాగితం మీద కాదు, ఇక్కడికొచ్చి, సభ పెట్టి.

ఇట్లు,
ఆఫలీ నుంచి ఒక విశ్రాంత కార్మికుడు