తడిగుడ్డ కంటే ముందు గేజీ పెట్టండి

సంపాదకులకు,

ఎండలకు పాత కార్లు దారిలో ఆగిపోతే ఇంజిన్ దగ్గర ఉండి ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు మీద తడిగుడ్డ వేయాలని మీ జిల్లా పేజీలో సలహా ఇచ్చారు. తప్పేమీ లేదు. కానీ దానితో బండి ఇల్లు చేరుతుందే తప్ప రోగం బయటపడదు. మిర్యాలగూడ, దేవరకొండ, కల్వకుర్తి వైపు కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న మారుతి 800లు, ఓమ్నీలు, అక్కడొకటి ఇక్కడొకటి అంబాసిడర్లు ఇంకా తిరుగుతున్నాయి. మిస్సింగ్ (ఇంజిన్ కుదుపుతూ నడవడం) మొదలవగానే కార్బొరేటర్ విప్పడం, తగ్గకపోతే పంపు మార్చడం మా లైన్లో అలవాటైపోయింది. రెండూ అయ్యాక కూడా పెట్రోలు ప్రెషర్ ఊగుతూనే ఉంటే ఓనరు ఎవరిని అడగాలి?

పార్టు కొనే ముందు ఆ ప్రెషర్ కొలవాలి. పంపు నుంచి కార్బొరేటర్‌కు పోయే పైపులో మూడు మూతుల టీ జాయింట్ వేసి, అన్ని వైపులా క్లిప్పులు బిగించి ప్రెషర్ గేజీ తగిలించాలి. 0 నుంచి 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా చూపే చిన్న గేజీ కావాలి. 100 పీఎస్ఐ గేజీలో ముల్లు సున్నా దగ్గరే కదులుతుంది, అది చూసి ఏమీ చెప్పలేం. ఇంజిన్‌తో నడిచే డయాఫ్రమ్ (లోపల సాగే పొర ఉండే) పంపులు చాలావరకు 3 నుంచి 5 పీఎస్ఐ ఇస్తాయి. బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే లెక్క. పంపు కొట్టికొట్టి పోస్తుంది కాబట్టి ముల్లు కొంచెం అదురుతుంది, దానికి భయపడొద్దు. స్లోలో బాగుండి రేస్ చేయగానే 1 పీఎస్ఐకి జారిందంటే మాత్రం ఎక్కువగా పంపుకు పెట్రోలు అందకపోవడమే కారణం.

ఇంజిన్ ఆపాక ముల్లు రెండు మూడు నిమిషాలైనా నిలబడాలి. వెంటనే పడిపోతే టీ జాయింట్ దాటాక కార్బొరేటర్ వైపు పైపును నొక్కిపట్టి మళ్లీ చూడాలి. ఇప్పుడు నిలబడితే తప్పు కార్బొరేటర్‌లో పెట్రోలు నిండగానే దారి మూసే నీడిల్ వాల్వ్‌ది. అప్పటికీ పడిపోతే పంపు లోపలి వాల్వ్‌ది. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపు ఉన్న బండిలో ముందు ఆ పైపును కూడా మూసి చూడాలి, లేదంటే మంచి పంపును అనవసరంగా పారేస్తారు.

అసలు దొంగ ఎక్కువగా దొరికేది ట్యాంకుకూ పంపుకూ మధ్య. అటువైపు పంపు పీలుస్తుంది. పైపుకు సన్నటి పగులు పడినా పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కాబట్టి ఎవరూ అనుమానించరు. పంపు ముందు జానెడు పారదర్శక పైపు వేసి ఇంజిన్ నడిపితే బుడగలు కళ్ల ముందే కనిపిస్తాయి. పరీక్ష అవగానే ఆ పైపు తీసేయాలి, అది ఇంజిన్ వేడికి ఆగదు. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే గోల. మూత తిప్పగానే 'సుయ్' మని గాలి లోపలికి లాగి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే మూత మారిస్తే చాలు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో ఇంకో చిక్కు. అది పాత ట్యాంకులో పేరుకున్న జిగురును కరిగించి ఫిల్టర్‌కు తెస్తుంది. పాత రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడుతుంది. లోపలి పొర ఊడి రెక్కలా వేలాడితే స్లోలో పెట్రోలు పోతుంది, రేస్ చేస్తే ఆ రెక్కే దారికి అడ్డం పడుతుంది. పైకి చూస్తే మాత్రం పైపు బాగున్నట్టే ఉండొచ్చు. కాబట్టి పైపు కోసి లోపల చూడాలి. మార్చేటప్పుడు జె30 ఆర్9 అని అచ్చు ఉన్న పైపు అడగండి. ఫిల్టర్ మీద బాణం కార్బొరేటర్ వైపు ఉండాలి.

ఎండ సంగతికొస్తే, శ్రీశైలం దారిలో మన్ననూరు ఘాట్ ఎక్కి చాయ్‌కి ఆపాక స్టార్ట్ కాని బండికి రెండు జబ్బుల్లో ఏదైనా ఉండొచ్చు. పైపులో పెట్రోలు ఆవిరైతే గేజీ సున్నాకు దగ్గరగా ఉంటుంది. తడిగుడ్డ పనిచేసేది దీనికే. కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు వేడికి పొంగి ఇంజిన్‌లోకి పోతే పెట్రోలు వాసన కొడుతుంది, ప్రెషర్ మాత్రం మామూలుగానే ఉంటుంది. దీనికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. మాటిమాటికీ తొక్కితే ఇంకా ముంచుతారు.

పంపు అడుగున చిన్న రంధ్రం నుంచి పెట్రోలు కారినా, ఆయిల్ లెవెల్ పెరిగి పెట్రోలు వాసన వచ్చినా డయాఫ్రమ్ చిరిగినట్టే. ఆ ఆయిల్‌తో బండి నడపొద్దు. కొత్త పంపు బిగించేటప్పుడు వేడిని ఆపే ఇన్సులేటర్ ముక్కను, పాత మందం ప్యాకింగ్‌ను తిరిగి వేయాలి. ప్యాకింగులు ఒకదాని మీద ఒకటి వేస్తే పంపు స్ట్రోక్ తగ్గి ప్రెషర్ కూడా తగ్గుతుంది.

చివరగా, కొన్ని షాపుల్లో ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) కార్ల ఎలక్ట్రిక్ పంపును వీటికి అంటగడుతున్నారు. అది 40 పీఎస్ఐ దరిదాపుల్లో పోస్తుంది. ఆ ఒత్తిడిని నీడిల్ వాల్వ్ ఆపలేదు, పెట్రోలు పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. ఎలక్ట్రిక్ పంపే వేయాలనుకుంటే 4 పీఎస్ఐ దాటనిది తీసుకుని ట్యాంకు దగ్గర, ట్యాంకు కంటే కిందగా బిగించాలి. ఇంజిన్ ఆగగానే కరెంటు కట్ అయ్యే రిలే తప్పనిసరి. రవాణా శాఖవారు ఫిట్‌నెస్ చూసేటప్పుడు ఈ ఎంపీఎఫ్ఐ పంపు బిగించారేమో చూడాలని మనవి.

ఇట్లు,
ఒక కార్ల మెకానిక్, జడ్చర్ల