పండగ ముందు క్లచ్ చేయించుకున్నవాళ్లు బండి ఒకసారి తీసుకురండి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి పాత బుల్లెట్లు తెచ్చే అందరికీ నమస్కారం. పది రోజులుగా ఎవరి బండీ చెప్పిన రోజుకి ఇవ్వలేకపోతున్నాను. పని ఎక్కువై కాదు. నేను బిగించినవే మళ్లీ విప్పుకుంటున్నాను.

తెనాలి నుంచి ఒక మాస్టారు వస్తారు. ఆయనది 1984 బుల్లెట్ 350. రేజింగ్ ఇస్తే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలట్లేదని సంక్రాంతికి ముందు తెచ్చారు. క్లచ్ జారుతోంది. కొత్త క్లచ్ ప్లేట్లు, స్ప్రింగులు వేసి భోగికి ముందురోజు ఇచ్చేశాను. నాలుగో రోజు ఫోను. "ఏమయ్యా, క్లచ్ పట్టుకుని నిలబడ్డా ముందుకి లాగేస్తోంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరక్క చచ్చాను" అన్నారు.

కేబులు సర్దితే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. క్లచ్‌ని మూసి ఉంచే చైన్ కవరు మధ్యలో ఉన్న ఆ ఒక్క నట్టూ విప్పి, ప్లేట్లన్నీ తీసి, పాత షోకేసు అద్దం ముక్క మీద ఒక్కోటీ పెట్టి వేలితో నొక్కి చూశాను. క్లచ్ ప్లేట్ల మధ్య ఉండే స్టీలు ప్లేట్లు పాతవే ఉంచాను, వాటిలో ఒకటి టక్ టక్ మంటూ ఊగింది. అంచున నెమలికంఠం రంగు మచ్చ, అంటే వేడికి వంగిపోయింది. క్లచ్ పట్టుకున్నప్పుడు ప్లేట్లన్నీ విడిపోవాలి. వంకర ప్లేటు ఎక్కడో ఒకచోట ఆనుకునే ఉంటుంది. బండి లాగేది అందుకే.

దాచేదేముంది, ఆ మచ్చ మొదటిసారే నా కంట పడింది. పండగ హడావుడిలో ఎమెరీ పేపరుతో రుద్ది లోపల పెట్టేశాను.

రెండోది స్ప్రింగు. ఒకటి వేరే ప్యాకెట్లోది, మిగతావాటికంటే మిల్లీమీటరు పొట్టి. మన దేశంలో బుల్లెట్ తయారీ 1950ల మధ్యలో మద్రాసులో మొదలైంది. ఆ రూపం పెద్దగా మారకుండా దశాబ్దాలు నడిచింది కాబట్టి సామాన్లకి కరువు లేదు. కానీ ఒకేలా కనిపించే ప్యాకెట్లు రకరకాలు. చూడగానే ఒకటే అనిపించినా కాలిపర్ పెట్టి కొలవాల్సింది, కొలవలేదు. లివరు నొక్కితే, ప్లేట్లన్నిటినీ అదిమి ఉంచే ప్రెషర్ ప్లేటు ఒకవైపు ముందు లేచి, రెండోవైపు బద్ధకంగా లేస్తోంది.

తిరిగి ఎక్కించడం అసలు పని. ఈ బండ్లలో ఇంజను నుంచి క్లచ్‌కి ఉండే ప్రైమరీ చైనుకి ఊడదీసే లింకు ఉండదు, అందుకని ఇంజను పళ్లచక్రం, చైను, క్లచ్ డ్రమ్ము మూడూ కలిపి రెండు చేతులా పట్టుకుని ఒకేసారి తొయ్యాలి. మా కుర్రాడు టార్చి పట్టుకుంటే మూడోసారికి ఎక్కింది. క్లచ్ ప్లేట్లు రాత్రంతా ట్రేలో ఆయిల్లో నానబెట్టి, ఒకటి క్లచ్ ప్లేటు, ఒకటి స్టీలు ప్లేటు చొప్పున పేర్చాను. కవరు వెయ్యకుండానే కుర్రాడి చేత లివరు నొక్కించి, ప్రెషర్ ప్లేటు చుట్టూ సమంగా లేస్తోందో లేదో పక్కనుంచి పది నిమిషాలు చూశాను. కవరు నట్టు మాత్రం బలం చూపించి బిగించకూడదు, రబ్బరు నలిగి ఆయిలు కారుతుంది.

మాస్టారి దగ్గర రెండోసారి కూలీ తీసుకోలేదు, స్టీలు ప్లేట్ల ఖర్చు కూడా నాదే. డిసెంబరు నుంచి నేను క్లచ్ చేసిన బండ్లు ఇంకో ఐదున్నాయి. ఇబ్బంది లేకపోయినా తీసుకురండి, ఉచితంగా విప్పి చూస్తాను. ఒక్కో బండికి ఒక పూట. కొత్త పనులు ఈ ఐదూ అయ్యాకే. ఇకమీదట క్లచ్ పనికి వెయ్యి రూపాయల దాకా ఎక్కువ చెబుతాను. స్టీలు ప్లేట్లూ స్ప్రింగులూ సెట్టుగానే వేస్తాను, ఉన్నవాటితో సర్దమని బతిమాలొద్దు.

ఇంకోటి. చైన్ కవర్లో ఆయిలు వేరు, ఇంజన్లో ఆయిలు వేరు. ఇంజన్‌కి మార్చి దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. అందులో కారు ఆయిలు పొయ్యకండి, కొన్నిటిలో కలిపే మందుకి ప్లేట్లు జారతాయి. పొద్దున చలికి ప్లేట్లు అంటుకుని ఉంటే, స్టార్ట్ చేసేముందు క్లచ్ పట్టుకుని రెండుసార్లు కిక్కరు తొక్కండి, విడిపోతాయి.

మాస్టారు శనివారం వచ్చి బండెక్కి, బెంజి సర్కిల్ దాకా వెళ్లొచ్చారు. "న్యూట్రల్ దొరికిందయ్యా" అని మాత్రం అన్నారు. టీ తాగకుండానే వెళ్లిపోయారు.