టైపు బల్ల దగ్గర పెద్దాయనకి దణ్ణం

సాయంత్రం నాలుగున్నరకి మెసేజ్ వచ్చిందండి: ట్రాన్స్‌ఫర్ అప్రూవ్డ్. మేం కొన్న సెకండ్ హ్యాండ్ కారు మా పేరు మీదికి మారింది. నలభై ఒక్క రోజులు పట్టింది. కాళ్ళు పీకుతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఈ నాలుగు ముక్కలూ రాసేసే పడుకోవాలి. మా ఆయన, మరిది, మామయ్యగారు తిరిగిన తిరుగుడు చాలానే ఉంది, ఆ లెక్క ఇంట్లో చూసుకుంటాం.

ఈ దణ్ణం ఆర్టీవో ఆఫీసు గేటు బయట వేపచెట్టు కింద టైపు మిషను పెట్టుకుని ఫారాలు నింపే పెద్దాయనకి. పేరు రాయొద్దన్నారు, రాయను.

బండి 2017 మోడల్, ఏపీ 16 నంబరు, లోన్ మీద కొన్నాం. శాంక్షన్ అయ్యాక డబ్బు విడుదల చేసే ముందు ఫైనాన్స్ వాళ్ళు సీ బుక్కుని (ఆర్‌సీ), ఇన్సూరెన్స్‌ని పక్కపక్కన పెట్టి చూస్తారు. చాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు. పదకొండో చోట ఇన్సూరెన్స్‌లో సున్నా ఉంది, సీ బుక్కులో ఇంగ్లీషు ఓ ఉంది. అంతే, ఫైలు ఆగిపోయింది. ఫైనాన్స్ కుర్రాడు ఒక దారి చెప్పాడు: "ఇన్సూరెన్స్‌లో కూడా ఓ పెట్టించేయండి మేడమ్, ఎండార్స్‌మెంట్, అదే పాలసీలో మార్పు, ఒక్కరోజులో అయిపోతుంది." మేం సరే అనుకున్నాం కూడా. ఆ ఉత్తరమే టైపు చేయించడానికి ఈయన దగ్గరికి వెళ్ళాం.

ఆయన రెండు కాగితాలూ ఒడిలో పెట్టుకుని, బొటనవేలు ఒక్కో అక్షరం మీద జరుపుతూ చదివారు. పదకొండో దగ్గర ఆగారు. "అమ్మా, చాసిస్ నంబరులో ఓ ఉండదు. ఐ ఉండదు, క్యూ ఉండదు. ఏ కంపెనీ బండైనా సరే. తప్పు సీ బుక్కుదే. ఇన్సూరెన్స్ జోలికెళ్ళకండి."

నిజమే. ఒకటికీ ఐకీ, సున్నాకీ ఓకీ తికమక పడతారని అంతర్జాతీయ ప్రమాణంలోనే ఆ మూడు అక్షరాలూ తీసేశారు. ఇంజిన్ నంబరుకి మాత్రం ఈ నియమం వర్తించదు, దాన్ని బండి మీద చూసుకోవాల్సిందే. ఒప్పుగా ఉన్న పాలసీని తప్పు సీ బుక్కుకి సరిపోయేలా మార్చుకుని ఉంటే, రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళ సర్వేయరు బండి మీద నంబరు చూస్తాడు, పాలసీలో ఇంకోటి ఉంటుంది, క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది.

ఆ తర్వాత ఆయన మిషను మీద గుడ్డ కప్పేసి మాతో బండి దగ్గరికి వచ్చారు. ముందు ఎడమ సీటు వెనక్కి జరిపి, కార్పెట్ ముక్క ఎత్తి, నంబరు చెక్కిన చోట కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిచారు. పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిలు పడుకోబెట్టి అడ్డంగా రుద్దారు. మొనతో రుద్దితే గాడిలోకి దిగి ఎనిమిదికీ బీకీ తేడా తెలియదట, కాగితమూ చిరుగుతుంది. మూడు ప్రింట్లు తీశారు: ఒకటి ఆఫీసుకి, ఒకటి ఫైనాన్స్‌కి, ఒకటి మా దగ్గర ఉంచుకోవడానికి. డెబ్బై దాటిన మనిషి, మే నెల ఎండలో, సగం ఒళ్ళు కారులో సగం బయట. అంతా అయ్యాక "అరవై ఇవ్వండి" అన్నారు. వంద ఇస్తే నలభై లెక్కపెట్టి చేతిలో పెట్టారు. అప్పుడు ఆపుకోలేకపోయానండి.

సీ బుక్కులో ఆ తప్పు దిద్దించడానికి ఏం కావాలో కూడా ఆయనే ఒక చీటీ మీద రాసిచ్చారు. ఓనరు, అంటే అమ్మేవారు, దరఖాస్తు పెట్టాలి. సీ బుక్కు ఇంకా వాళ్ళ పేరు మీదే ఉంటుంది కాబట్టి మన అర్జీ చెల్లదు. దాంతోపాటు పెన్సిల్ ప్రింట్, మొదటి ఇన్వాయిస్, షోరూమ్ ఇచ్చిన ఫారం 21, కంపెనీ ఇచ్చిన ఫారం 22. బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడాలి. దిద్దించకుండా ట్రాన్స్‌ఫర్‌కి పెట్టేస్తే ఆ తప్పు మన పేరు మీదికి వచ్చేస్తుంది, అందుకని దిద్దుబాటే ముందు.

రెండో చిక్కు హెచ్‌పీ, అంటే బండి మీద ఫలానా బ్యాంకు లోన్ ఉందని సీ బుక్కులో ఎక్కించే మాట. సీ బుక్కు మీద ఆంధ్రా బ్యాంకు పేరుంది. లోన్ ఎప్పుడో తీరిపోయినా హెచ్‌పీ తీయించుకోలేదు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కదా, ఎన్‌ఓసీ, అంటే లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చే కాగితం, కొత్త పేరు మీద వచ్చింది, కౌంటర్లో "ఈ బ్యాంకు వేరు, ఆ బ్యాంకు వేరు" అన్నారు. ఇలాంటిది ఉంటే ఎన్‌ఓసీలోనే పూర్వపు బ్యాంకు పేరు, లోన్ ఖాతా నంబరు, బండి నంబరు మూడూ రాయించుకోండి. హెచ్‌పీ తీయించే ఫారం 35 రెండు కాపీల మీదా బ్యాంకు సంతకం, సీలు, ఓనరు సంతకం ఉండాలి. ఎన్‌ఓసీ మీద గడువు తేదీ ఉంటుంది, దిద్దుబాటు లేటైతే అది దాటిపోతుంది.

మూడోది మన తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చేది, ఇంటిపేరు. సీ బుక్కులో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని స్టాంప్ పేపరు మీద నోటరీ అఫిడవిట్, దానికి పాన్ జత చేస్తే సరిపోయింది.

ఆ తర్వాత పేరు మార్పిడికి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, కొత్త లోన్ హెచ్‌పీకి ఫారం 34, మూడూ ఒకేసారి. హెచ్‌పీ ఎక్కించడానికి కారుకి 1500, సర్వీసు ఛార్జీలు వేరే. పాత చలాన్లు ముందే చూసి కట్టించేయండి. ఇన్సూరెన్స్ బదిలీకి చట్టం ఇచ్చింది పద్నాలుగు రోజులే. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పాత ఓనరుది, మనకి రాదు. ఆ తేడా ప్రీమియం మనమే కట్టుకోవాలి.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఆ ఓ టైపు చేసింది ఆఫీసు కంప్యూటర్లో. ఇన్వాయిస్‌లో సున్నా స్పష్టంగా ఉంది. అయినా దిద్దించుకోవడానికి రుసుము మాదే, సెలవులు మావే, "సర్వర్ లేదు, రేపు రండి" అంటే ఎండలో నిలబడ్డదీ మేమే. మధ్యలో లోన్ శాంక్షన్ గడువు దాటిపోయి మళ్ళీ క్రెడిట్ స్కోర్ తీశారు. ఆ ఇంగ్లీషు ఓ కొడితే తీసుకోకుండా ఉండేలా కంప్యూటర్లో ఒక అడ్డు పెట్టలేరా? ఏడేళ్ళు ఆ తప్పు అలాగే ఉంది, ఎవరి కంటా పడలేదు. గేటు బయట కూర్చున్నాయన ఒక్క నిమిషంలో పట్టారు.

అయ్యో, అమ్మిన వారి భార్యగారిని మరిచేపోయాను. ఫారం 21, 22 పెళ్ళి ఆల్బమ్ కింద దాచి ఉంచింది ఆవిడే. మీరు లేకపోతే షోరూమ్ చుట్టూ తిరిగేవాళ్ళమండి. ఎన్‌ఓసీలో పాత పేరు చేర్చి ఇచ్చిన బ్యాంకు మేడమ్ గారికీ, భోజనం టైములో జిరాక్స్ షాపు తెరిచిన తమ్ముడికీ థాంక్స్.

ఇంకొకరు, ఆ రోజు సీటు కింద కనబడక అవస్థ పడుతుంటే టార్చి ఇచ్చిన పక్క బండి డ్రైవరు గారు. అన్నా, మీ టార్చి మా డాష్‌బోర్డులోనే ఉండిపోయింది. సోమవారం టైపు బల్ల దగ్గర ఇచ్చి పెడతాను, తీసుకోండి.