ఆబ్‌గూష్త్‌లో సగం ఎక్కడ పోయింది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 'ఇరానీ మటన్ కూర' చూసి ఈ ఉత్తరం రాస్తున్నా. దాని పేరు ఆబ్‌గూష్త్ అని వేశారు, ఫొటో కూడా బాగుంది, తీరా కింద చదివితే పచ్చిమిరపకాయలు, అల్లం తెల్లగడ్డ ముద్ద, గరం మసాలా, కుక్కర్‌లో విజిల్స్, ఆఖర్న 'వేడి వేడి అన్నంలోకి బాగుంటుంది' అని ఒక మాట. ఆ కూర మా ప్రొద్దుటూరులో ఆదివారం ఏ ఇంటికి పోయినా దొరుకుతుంది కదండీ, దానికి ఇరాన్ పేరెందుకు?

నేను కువైట్‌లో ఒక ఇరానీ కుటుంబం ఇంట్లో వంటపని చేసి వచ్చినదాన్ని. కడప జిల్లాలో కువైట్ పోయొచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు, వేసేముందు ఎవరినైనా ఒక మాట అడిగుంటే సరిపోయేది.

అసలు ఆబ్‌గూష్త్‌కు ఇరానీలు ఎముకతో ఉన్న పొట్టేలు మాంసం, నానబెట్టిన కాబూలీ శనగలు, తెల్ల రాజ్మా, ఎర్రగడ్డ, పసుపు వేసి, నీళ్లు నిండుగా పోసి సన్న సెగ మీద గంటల తరబడి వదిలేస్తారు. ఉర్లగడ్డ, టమోటా తర్వాత పడతాయి. ఉప్పునీళ్లలో ఉడికించి నల్లబడేదాకా ఎండబెట్టిన నిమ్మకాయలకు చిల్లు పొడిచి చివర్లో వేస్తారు, మొదట్లోనే వేస్తే చేదు దిగుతుంది. మిరియాలే తప్ప కారం ఉండదు. వాళ్ల గొర్రెలకు తోక దగ్గర పెద్ద కొవ్వు ముద్ద ఉంటుంది, రుచికి అదీ కొంచెం వేస్తారు. మన నెల్లూరు గొర్రెకు ఉండేది చిన్న తోక, అందులో కొవ్వేముంటుంది, కాబట్టి మామూలు కొవ్వుతో సరిపెట్టుకోవాలి.

ఇంతవరకూ మీరు ఎంత మార్చినా నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఉర్లగడ్డ, టమోటా కూడా 19వ శతాబ్దంలో ఇరాన్‌కు వచ్చినవే, అంతకుముందు అవి లేకుండానే ఈ వంట ఉండేది. కానీ మీరు అసలు తినే పద్ధతే తీసేశారు. ఆ వంటను రెండుసార్లుగా తింటారండీ. ముందు చారంతా గిన్నెలోకి వంచుకుని, రొట్టె తుంచి అందులో వేసి, నానాక చెంచాతో తింటారు. కుండలో మిగిలిన మాంసం, శనగలు, ఉర్లగడ్డలను ఎముకలు తీసేసి గూష్త్‌కూబ్ అనే దాంతో మెత్తగా ఎనుపుతారు. అచ్చం మన పప్పుగుత్తి పనే, కాకపోతే ఇంకా బరువుగా ఉంటుంది. ఆ ముద్దను ఇంకో రొట్టెలో పెట్టుకుని పచ్చి ఎర్రగడ్డ, పచ్చి ఆకుకూరలు, వెనిగర్‌లో ఊరేసిన కూరగాయలు నంజుకుంటారు. కారం లేదని మనకు చప్పగా అనిపించేది ఆ నంజుడుతో సర్దుకుంటుంది. పక్కన మజ్జిగ. వాళ్ల హోటళ్లలో అయితే దీజీ అనే చిన్న కుండ మనిషికొకటి పెట్టి, వంచుకోవడం, ఎనుపుకోవడం తినేవాళ్లకే వదిలేస్తారు, తినేవాళ్లకు అదే సరదా.

దాన్ని అన్నంలో కలుపుకునే కూర చేస్తే ఇక మిగిలేదేముంది? మన రాగి సంగటిని ఎవరైనా స్పూన్‌తో తినే పాయసం అని రాస్తే మీకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చుండేవి.

సవరణ వేస్తే చారు వేరుగా, ముద్ద వేరుగా తినాలన్న మాట తప్పకుండా వేయండి. ఎండు నిమ్మకాయలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోవచ్చు, లేదంటే మే నెలలో మన మిద్దెల మీద ఎండబెట్టుకోవచ్చు, ఎండకు మనకేం కరువు. వాళ్ల సంగక్ రొట్టె వేడి గులకరాళ్ల మీద కాలుతుంది, అది మనవల్ల కాదు. జొన్నరొట్టె మాత్రం వద్దని రాయండి, చారులో వేస్తే పిండిపిండి అయిపోతుంది. కొంచెం మందంగా కాల్చిన గోధుమ రొట్టె అయితే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా