రాత్రి పురుగుల లెక్కకూ రిజిస్టర్లో చోటివ్వండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు (ఊరి మొక్కలు, జీవరాశి వివరాల పుస్తకం) రాయాలి. పగటిపూట తిరిగి రాసే రిజిస్టరుకు చిమ్మటలు (రాత్రిపూట ఎగిరే సీతాకోకల్లాంటి పురుగులు), గబ్బిలాలు, గుడ్లగూబలు చిక్కవు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల మామిడి, జీడి, పూల తోటల్లో ఈ వేసవి మొదట్లోనే రాత్రి నమోదు చేయించమని మా విన్నపం. తోటలో దుప్పటి కట్టి, దాని దగ్గర దీపం పెట్టి, వచ్చి వాలే పురుగులను లెక్కపెట్టి రాయడమే ఈ నమోదు.

వేసవి మొదట్లోనే ఎందుకంటే, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, నువ్వు చేలో వేలంత లావుగా కనబడే గొంగళి, ఇవన్నీ ప్యూపా దశ (గొంగళి చిమ్మటగా మారే దశ) నేలలోనే గడుపుతాయి. నేల తడిసిందంటే తల్లి పురుగులు, అంటే రెక్కలొచ్చిన చిమ్మటలు, ఒక్కసారిగా లేస్తాయి. వానకు ముందు లెక్క రాసి ఉంటేనే వాన తరవాతి లెక్కకు అర్థం. ఉగాది ముందరి కొత్త అమావాస్యకు మూడు రాత్రులు, చైత్ర బహుళ అమావాస్యకు మూడు రాత్రులు చాలు. వెన్నెల రాత్రుల్లో దీపానికి పురుగు పలచగా వస్తుంది. సముద్రపు గాలి గట్టిగా వీచినా అంతే. అందుకే దుప్పటిని గట్టు చాటునో, చెట్ల వరస చాటునో కట్టాలి.

ఆరడుగుల నూలు దుప్పటి తెల్లనిది కావాలి. పాలిస్టరు గుడ్డ మీద పురుగు కాళ్లు జారతాయి. కింది అంచును ఒక అడుగు నేల మీద పరవాలి, చాలా చిమ్మటలు గడ్డిలోనే వాలతాయి. మామూలు ఎల్‌ఈడీ బల్బులో పురుగులను రప్పించే అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు కాబట్టి 365 నానోమీటర్ల దీపం పెట్టాలి, దాని వంక నేరుగా చూడకూడదు. వ్యవసాయ కరెంటు పగటిపూట ఇచ్చేదే కనుక 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తీసుకెళ్లాలి. అది 15 వాట్ల దీపాన్ని నాలుగు గంటలు నడుపుతుంది. ఏడింటికి వెలిగించి, అరగంటకోసారి లెక్కపెట్టి, పక్కన స్కేలు పెట్టి పై నుంచి ఫొటో తీయాలి. దీపం రకం, వెలిగించిన వేళ, ఆర్పిన వేళ, గాలి, మబ్బు, పక్కనున్న పంట రాయకపోతే ఆ అంకెలు వచ్చే ఏడాది పోల్చడానికి పనికిరావు. ఏమీ రాని రాత్రినీ రాయాలి. మధ్యలో దీపం మార్చారా, లెక్క తెగిపోయినట్టే.

గుర్తుపట్టడంలోనే అసలు చిక్కు. 2018లో మన దేశంలో మొదట బయటపడిన కత్తెర పురుగునే తీసుకోండి. మగ చిమ్మట రెక్క కొసన తెల్లని మచ్చ ఉంటుంది. ఆడదానికి అది ఉండదు, పొగాకు లద్దె పురుగు జాతివాటితో సులువుగా కలిసిపోతుంది. తెలియనిదాన్ని ఊహించి పేరు రాయడం కన్నా ఫొటో నంబరు వేసి వదిలేయడం మేలు.

దీపం దగ్గరికి పెడెరస్ అనే సన్నటి ఎర్ర నల్ల పురుగులూ వస్తాయి. ఒంటి మీద నలిపితే బొబ్బలు లేస్తాయి, ఊదేసి సబ్బుతో కడుక్కోవాలి. దుప్పటి కింద చేరే కప్పల కోసం పాములు వస్తాయి గనుక బూట్లు, టార్చి తప్పనిసరి. కంబాలకొండ అడవి అంచున అడవిపందుల కోసం లాగే కరెంటు తీగలు మనుషుల ప్రాణాలు తీయగలవు. నమోదు మొదలయ్యేలోపు విద్యుత్ సిబ్బందితో వాటిని తీయించండి.

మరో మాట. పంట రక్షణకు నీళ్ల పళ్లెం మీద పెట్టే దీపపు ఎరలు తెల్లవార్లూ వెలిగితే పంటకు హాని చేయని చిమ్మటలూ, మేలు చేసే పురుగులూ నీళ్లలో పడి చస్తాయి. రాత్రి పదింటికి ఆర్పమని ప్రతి రైతు సేవా కేంద్రంలో చెప్పించండి. నమోదులో మాత్రం చంపడం అక్కర్లేదు. పని అయ్యాక దీపం ఆర్పి, దుప్పటిని పొద ఆకుల కింద మెల్లగా దులపాలి. తెల్లారేదాకా అలాగే వదిలేస్తే కాకులకు మేత అవుతాయి.

మండలానికి రెండు దుప్పట్లు, రెండు దీపాలు, రెండు బ్యాటరీలు, వ్యవసాయ సహాయకులకు ఒక సాయంత్రం శిక్షణ ఇప్పించండి. శిక్షణకు మేం వస్తాం. ఉత్తర్వు మాఘం చివరికల్లా వెలువడితేనే కొత్త అమావాస్యకు సామాను తోటలకు చేరుతుంది.

ఇట్లు,
విశాఖ జిల్లా తోటల్లో జీవరాశిని నమోదు చేసేవాళ్లం