గడ్డం సబ్బు కొనేముందు ఇంటి నీరు చూసుకోవాలి

సంపాదకులకు,

ఆర్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో పురుషుల ముఖ సంరక్షణపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గడ్డం గీసుకునేముందు గోరువెచ్చని నీటితో ముఖం కడుక్కోవాలని, మొద్దుబారిన బ్లేడును పట్టుకుని వేలాడకూడదని అందులో చెప్పిన మాటలతో నాకు పేచీ లేదు. సబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నురుగు బాగా వచ్చేది ఏదైనా సరిపోతుందంటూ వ్యాసకర్త ఒక్క వాక్యంతో దాటవేశారు. దాదాపు నలభై ఏళ్లుగా బ్రష్షుతో, సబ్బుతో, రెండంచుల బ్లేడుతో గడ్డం చేసుకుంటున్నవాడిని కనుక ఆ ఒక్క వాక్యం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

నురుగులన్నీ ఒకటి కావు. ఒంటిసబ్బును చెంప మీద రుద్దితే అర నిమిషంలో బోలెడంత నురుగు పొంగుతుంది. ఒక చెంప గీసి రెండో చెంపకు వచ్చేలోగా ఆ బుడగలన్నీ చప్పబడిపోయి, చర్మం మీద బిరుసైన పొర ఒకటి మిగులుతుంది. అక్కడ బ్లేడు జారదు, గోకుతుంది. గడ్డం సబ్బు నురుగు తీరు వేరు. గారెలకు రుబ్బిన మినప్పిండిని చేత్తో గిలక్కొట్టగా కొట్టగా అది గుల్లబారి, చిన్న ముద్ద తీసి నీళ్లలో వేస్తే తేలే స్థితికి వస్తుంది చూడండి, ఈ నురుగునూ అలాగే ఓపికగా పట్టించాలి. అందులో బుడగలు విడివిడిగా కంటికి కనబడకూడదు. తోడుకున్న పెరుగు మీది మీగడలా నిగనిగలాడాలి. రెండు వేళ్ల మధ్య రాస్తే జారుడు తెలియాలి. అది చేయవలసిన పనులు రెండే. వెంట్రుకను తడిగా ఉంచడం ఒకటి, బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొరగా నిలవడం రెండోది. నీరు పీల్చుకుని మెత్తబడిన వెంట్రుకను కోయడానికి పొడి వెంట్రుకకంటే చాలా తక్కువ బలం సరిపోతుంది. ఆ మెత్తదనం రావడానికి రెండు మూడు నిమిషాల తడి చాలు గాని, గీసుకోవడం పూర్తయ్యేదాకా ఆ తడి ఆరకుండా ఉండాలి. కాబట్టి సబ్బును ఎంత నురుగు వచ్చిందని కాక, వచ్చిన నురుగు ఎంతసేపు తడిగా నిలిచిందని అడగాలి.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో సబ్బు తయారీలోనే ఉంది. సబ్బు అంటే కొవ్వు ఆమ్లానికీ క్షారానికీ కుదిరిన సంధి. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం ఉంటుంది. దానితో చేసిన సబ్బు చప్పున పెద్ద పెద్ద బుడగలు కడుతుంది, అంతే చప్పున చల్లారుతుంది, మోతాదు మించితే చర్మాన్ని బిగదీస్తుంది కూడా. స్టియరిక్ ఆమ్లంతో చేసిన సబ్బు నిదానంగా కరిగి, సన్నటి బుడగలతో చిక్కటి నురుగునిచ్చి, చాలాసేపు నిలుస్తుంది. క్షారం సంగతీ ఇటువంటిదే. ఒంటిసబ్బుకు వాడే సోడియం హైడ్రాక్సైడ్ గట్టి బిళ్లనిస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వచ్చే సబ్బు మెత్తగా ఉండి నీటిలో తేలిగ్గా కరుగుతుంది. అందుచేత తెలిసిన తయారీదారులు గడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం పాలు పెంచి, రెండు క్షారాలనూ కలిపి వాడి, తడిని పట్టి ఉంచడానికి గ్లిజరిన్‌ను అందులోనే ఉండనిస్తారు లేదా పైనుంచి కలుపుతారు.

ఇది తెలిస్తే అంగట్లో మోసపోయే అవసరం లేదు. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను పెట్టె మీద ఎక్కువనుంచి తక్కువకు వరుసగా రాయాలి. కనుక మొదటి నాలుగైదు పేర్లు చదివితే సబ్బు జాతకం చాలావరకు తెలిసిపోతుంది. స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్, పొటాషియం స్టియరేట్, గ్లిజరిన్ వంటివి ముందు వరుసలో కనబడితే అది గడ్డం కోసమే చేసిన సబ్బు. సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని మొదలై పొటాషియం ఊసే లేకపోతే, పెట్టె మీద గడ్డం బొమ్మ ఎంత అందంగా వేసినా అది ఒంటిసబ్బుకు అన్నదమ్ముడే. శాకాహార నియమం ఉన్నవారు టాలోవేట్ అన్న మాట కోసం కూడా వెతుక్కోవాలి. అది జంతువుల కొవ్వుతో చేసినది. పేరున్న విదేశీ సబ్బుల్లో కొన్నింటిలో అది ఉంటుంది, గడ్డానికి అది పనికివస్తుందనడంలోనూ అబద్ధం లేదు, వాడాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. ఈ అక్షరాలను చీమ తలకాయంత అచ్చు వేయడం వల్ల నాబోటి వయసువారు కళ్లద్దాలు పెట్టుకుని కూడా దుకాణంలో ఇంకొకరి చేత చదివించుకోవలసి వస్తోందన్నది వేరే ఫిర్యాదు.

టీఎఫ్ఎమ్ (టోటల్ ఫ్యాటీ మ్యాటర్) అంకె చూసి కొనమని సలహా ఇచ్చేవారు మా వీధిలోనే ముగ్గురున్నారు. స్నానపు సబ్బుల్లో 76 శాతం, ఆపైన ఉంటే మొదటి తరగతి అన్నది నిజమే. అయితే ఆ అంకె సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం ఎంత ఉందో చెబుతుంది గాని ఏ కొవ్వు ఉందో చెప్పదు. బియ్యం బస్తా బరువు చూసి అందులోవి సన్నబియ్యమో దొడ్డుబియ్యమో చెప్పమన్నట్టుంటుంది.

ఇంతవరకూ చెప్పింది సబ్బు మాట. విశాఖలో ఉండేవారికి అంతకంటే ముఖ్యమైనది నీటి మాట, వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు. నాకు కూడా అది చాలా ఆలస్యంగా, కాస్త అవమానంతో తెలిసివచ్చింది. కొన్నేళ్ల కిందట మేము అల్లిపురంలోని పాత ఇల్లు ఖాళీ చేసి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక అపార్టుమెంటుకు మారాం. పాత ఇంట్లో కార్పొరేషన్ కుళాయి ఉండేది. కొత్త చోట స్నానాలగదుల కుళాయిలన్నింటికీ బోరునీరే. చేరిన మర్నాడు పొద్దున్న ఎప్పుడూ వాడే సబ్బునే, ఎప్పుడూ వాడే స్టీలు గిన్నెలోనే వేసి బ్రష్షు తిప్పితే, నురుగు రావడానికి బదులు విరిగిన పాలలోలాగా తెల్లటి పలుకులు తేలాయి. గిన్నె అంచుకు జిడ్డుగా ఒక తెట్టు పట్టింది. ఎలాగో గీసుకుంటే గొంతు కింద రెండు గాట్లు పడి, మధ్యాహ్నానికి చర్మమంతా చిమచిమలాడింది. నకిలీ సరుకు అంటగట్టారని తీర్మానించుకుని ఆ సాయంత్రమే పూర్ణా మార్కెట్లో నేను ఏళ్ల తరబడి కొనే దుకాణానికి వెళ్లి, పదిమంది కొనుగోలుదారుల ముందు ఆ పెద్దమనిషిని నానా మాటలూ అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా వేరే సబ్బు చేతిలో పెట్టారు. అదీ అలాగే విరిగింది.

గుట్టు విప్పింది అల్లిపురంలో మా పాత సెలూన్ పెద్దాయన. నా గొంతు చూసి, జరిగింది విని, "సబ్బు తప్పేటుంది బాబూ, ముందు మీ నీరు సూసుకోండి" అన్నారు. ఆయన దగ్గరే సీసాడు కుళాయి నీరు పట్టించుకుని ఇంటికి తెచ్చాను. ఒకే సబ్బు, ఒకే బ్రష్షు, రెండు గిన్నెలు. సీసా నీటిలో నిమిషంలోపే బ్రష్షు కుచ్చు మునిగిపోయేంత చిక్కటి నురుగు లేచింది. బోరునీటిలో ముప్పావు వంతు సబ్బు తెట్టుగా మారి గిన్నె అడుగున చేరింది. మర్నాడు వెళ్లి దుకాణదారుకు క్షమాపణ చెప్పుకున్నాను.

కారణం హైస్కూలు రసాయన శాస్త్రంలో ఉన్నదే. బోరునీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. వాటి ఆకలి తీరిన తరువాత మిగిలిన సబ్బే నురుగవుతుంది. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ వంటి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీటితో ఈ బాధ సాధారణంగా అంతగా ఉండదు. తీరం వెంబడి బోర్లతోనే తంటా. బకెట్టు అంచున, కుళాయి మూతిన తెల్లటి గార కట్టే ఇంట్లో ఎంత ఖరీదైన సబ్బు తెచ్చినా ముందు ఆ లవణాలకు నైవేద్యం పెట్టాల్సిందే.

దీనికి విరుగుడు ఖర్చులేనిది. గడ్డానికి కావలసిన నీరు అర గ్లాసుకు మించదు కాబట్టి, తాగడానికి పెట్టుకున్న ఆర్వో నీటిలోంచి ఆ కాస్తా వేడిచేసి నురుగుకు వాడితే చాలు. ముఖం కడగడానికీ రేజరు జాడించడానికీ ఏ నీరైనా ఫరవాలేదు. ఆర్వో లేనివారు రాత్రే నీరు మరగకాచి, కదపకుండా ఉంచి, పొద్దున పైతేట వంచుకోవచ్చు. మరగడంతో బైకార్బనేట్ల వల్ల వచ్చే కఠినత్వం చాలావరకు అడుగున దిగుతుంది, తక్కిన లవణాలు మాత్రం దిగవు, కాబట్టి ఇది సగం మందే. మూడో దారి సబ్బు ఎంపికలోనే ఉంది. పదార్థాల పట్టికలో టెట్రాసోడియం ఈడీటీఏ గాని సోడియం సిట్రేట్ గాని ఉన్న సబ్బులు ఆ లవణాలను కొంతవరకు కట్టిపడేసి, నురుగును కాపాడతాయి. బోరునీటి ఇళ్లవారు రెండు సబ్బుల మధ్య తటపటాయిస్తుంటే ఈ పేరు ఉన్నదాన్ని తీసుకోమని నా సలహా. బట్టల సోడా చిటికెడు వేస్తే సరిపోతుందని ఒక మిత్రుడు చెప్పారు. దయచేసి ఎవరూ ఆ ప్రయోగం ముఖం మీద చేయవద్దు.

బిళ్ల, పుల్ల, క్రీము, డబ్బా నురుగు అన్న రూపభేదం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పుల్లలా ఉండే సబ్బును తడిసిన గడ్డం మీద నేరుగా రాసి బ్రష్షు తిప్పవచ్చు, ప్రయాణాలకు అనువు. గొట్టంలో వచ్చే క్రీము కూడా పుట్టుకకు సబ్బే, ఎక్కువ నీరు కలిసిన మెత్తటి సబ్బు; ఉదయం తొందరగా ఆఫీసుకు పరుగెత్తేవారికి అది హాయి. మీట నొక్కితే వచ్చే డబ్బా నురుగును మాత్రం నేను ఎవరికీ చెప్పను. గ్యాసుతో పొంగించిన ఆ నురుగులో గాలి పాలు ఎక్కువ, వెంట్రుకకు అందే తడి తక్కువ, ఖాళీ అయిన డబ్బా మళ్లీ దేనికీ పనికిరాదు. బ్రష్షు తిప్పడంలో వెంట్రుకలు లేచి నిలబడి, వాటి మొదళ్ల దాకా నీరు అందే మేలు అందులో లేదు.

సువాసన విషయంలో నా అభిప్రాయం చాలామందికి రుచించకపోవచ్చు. సబ్బు కొనేవాడు మొదట చేసే పని పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకోవడం. అది చివర చేయవలసిన పని. గీసిన చర్మం మీద ఘాటైన పరిమళ ద్రవ్యాలు కొందరికి మంట, దురద తెప్పిస్తాయి. మెంథాల్ చల్లగా అనిపించినంత మాత్రాన చర్మానికి మేలు చేసినట్టు కాదు, ఆ చల్లదనం నరాలకు కలిగే భ్రమ. మన ఎండల్లో ఆ భ్రమ కూడా సుఖమేనంటే కాదనను. పొక్కులు, లోపలికి పెరిగే వెంట్రుకలు ఉన్నవారు మాత్రం పరిమళం లేని సబ్బుతో మొదలుపెట్టి, వెంట్రుక వాలు వెంటే గీసుకుని, ఎదురు గీతలు మానడం మంచిది. కొత్త సబ్బును మొదట మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడాలి.

ఇక మన ఊరి గాలి. సముద్రపు తేమలో సబ్బును మూసిన ప్లాస్టిక్ డబ్బాలో పెడితే అది ఎన్నటికీ ఆరదు, జావగా కరిగి సగం రోజుల్లోనే అయిపోతుంది. చిల్లులున్న గిన్నెలో ఉంచి, వాడిన ప్రతిసారీ నీరు వంపేస్తే ఒక బిళ్ల నాకు నాలుగైదు నెలలు వస్తోంది. బ్రష్షును నీరు విదిలించి, కుచ్చు కిందికి వచ్చేలా తగిలించాలి. వానాకాలంలో కప్‌బోర్డులో పెడితే బూజు వాసన తప్పదు. ఉప్పుగాలికి బ్లేడు అంచు తుప్పు పట్టడానికి రెండు రాత్రులు చాలు కాబట్టి రేజరును స్నానాలగదిలో వదలకుండా ఆరబెట్టి బయట పెట్టుకోవాలి.

మీ అనుబంధంలో ఈ శీర్షిక వారం వారం వస్తోంది గనుక, నురుగు వచ్చే ఏ సబ్బయినా చాలునన్న వాక్యాన్ని సవరిస్తూ, బోరునీరు వాడే ఇళ్ల కోసం నాలుగు మాటలు వచ్చే వారం సంచికలో చేర్చవలసిందిగా వ్యాసకర్తను కోరుతున్నాను. గీసుకున్న తరువాత పటిక రుద్దుకోవడం గురించి కూడా వారు రాయదలిస్తే, పటిక ముక్కను చల్లటి నీటిలో తడిపి ఒక్కసారి రాసి కడిగేయాలని, పూట పూటా రుద్దితే పొడి చర్మం వారికి పొలుసులు లేస్తాయని కూడా దయచేసి రాయమనండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం